బొప్పాయి మునగకు చుట్టమా? వర్గీకరణ, కాండం, పూల లింగభేదం గురించి చర్చ

పత్రహరితం:

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. బొప్పాయి ఏ కుటుంబానికి, ఏ క్రమానికి (కొన్ని కుటుంబాల సమూహానికి) చెందుతుందన్న ప్రశ్నకు మా గ్రంథాలయంలోని పుస్తకాలు ఒక్కొక్కటి ఒక్కో సమాధానం చెబుతున్నాయి. బెంథామ్, హుకర్‌ల పద్ధతిని అనుసరించిన పుస్తకం దానిని కృష్ణకమలం ఉన్న పాసిఫ్లోరేసీలో చేర్చింది. మరో పుస్తకం కారికేసీ అనే వేరు కుటుంబాన్ని ఒప్పుకొని, దానిని వయొలేలీస్ క్రమంలో ఉంచింది. ఇటీవలి పుస్తకం మాత్రం ఆవాలు, క్యాబేజీ, మునగ ఉన్న బ్రాసికేలీస్‌లో చూపిస్తోంది. పరీక్షలో ఏది రాయాలో చెప్పడం తేలికే. అయితే ఒకే మొక్క ఇన్ని చోట్లకు ఎందుకు మారింది, ఏ లక్షణాలను చూసి మార్చారు అన్నది పిల్లలకు వివరించాలని నా కోరిక. దీనితో పాటు, బొప్పాయిని చెట్టు అనాలా, గుల్మం (మెత్తని కాండపు మొక్క) అనాలా అన్న సందేహాన్ని కూడా తెలిసినవారు తీర్చగలరు.

హెర్బేరియం_మిత్రుడు:

మంచి ప్రశ్న అడిగారు మేడమ్. వర్గీకరణ పద్ధతులు ఎలా మారాయో బోధించడానికి బొప్పాయి కంటే తగిన ఉదాహరణ మన పెరళ్లలో దొరకదని నా అభిప్రాయం. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

లిన్నేయస్ 1753లో దీనికి కారికా పాపాయా అని పేరు పెట్టి, తన లింగ వర్గీకరణ పద్ధతిలో డయోషియా తరగతిలోని డెకాండ్రియాలో చేర్చాడు. మగ పూలు ఒక మొక్కపైన, ఆడ పూలు మరొక మొక్కపైన ఉండటం, మగ పువ్వులో 10 కేసరాలు ఉండటం అందుకు కారణం. అది కేసరాలను లెక్కపెట్టి వేసిన విభజనే గాని బంధుత్వాన్ని చెప్పేది కాదు. డ్యుమోర్టియర్ 1829లో కారికేసీ కుటుంబాన్ని వేరు చేశాడు. అయినా 1862, 1883 సంవత్సరాల మధ్య వెలువడిన బెంథామ్, హుకర్‌ల పద్ధతిలో బొప్పాయి పాసిఫ్లోరేసీలోనే ఉండిపోయింది. మన దేశంలోని హెర్బేరియాలను (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోట్లను) చాలా వరకు ఆ పద్ధతిలోనే అమర్చారు కాబట్టి ఆ స్థానం మన పాఠ్యపుస్తకాల్లో కూడా స్థిరపడింది.

ఆ పెద్దలు అలా ఎందుకు చేశారో తెలియాలంటే బొప్పాయి పిందెను అడ్డంగా కోసి చూడాలి. ఐదు ఫలదళాలు కలిసి ఒకే గది ఏర్పడుతుంది, అండాలు ఆ గది గోడలకు అంటుకొని ఉంటాయి. ఈ కుడ్య అండన్యాసం కృష్ణకమలంలోనూ కనిపిస్తుంది, దోస, గుమ్మడి కుటుంబంలోనూ కనిపిస్తుంది. ఏకలింగ పుష్పాలు, హస్తాకారంగా చీలిన ఆకు, నిండా గింజలున్న మెత్తని పెద్ద కాయ కూడా తోడైతే గుమ్మడి పోలిక ఇంకా బలపడుతుంది. అందుకే తర్వాతి వర్గీకరణ శాస్త్రజ్ఞుల్లో ఎంగ్లర్ కారికేసీని పరైటేలీస్‌లో ఉంచాడు, హచిన్సన్ గుమ్మడి ఉన్న కుకుర్బిటేలీస్‌లోకి తీసుకువెళ్లాడు, క్రాంక్విస్ట్ 1981లో వయొలేలీస్‌లో చేర్చాడు. కంటికి కనిపించే లక్షణాల ఆధారంగా చూస్తే వీటిలో దేనినీ తప్పుపట్టలేము.

1998లో వెలువడిన ఏపీజీ (యాంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్) పద్ధతి డీఎన్ఏ ఆధారంగా కారికేసీని బ్రాసికేలీస్‌లోకి మార్చింది. ఆ క్రమంలో దానికి అతి దగ్గరి కుటుంబం మొరింగేసీ, అంటే మన మునగ కుటుంబం.

మొదటి_సంవత్సరం:

నమస్కారం సర్. నేను బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మునగ ఆకు మూడుసార్లు చీలిన పిచ్ఛాకార సంయుక్త పత్రం. బొప్పాయిది తమ్మెలుగా చీలిన సరళ పత్రం. మునగ పువ్వు ద్విలింగ పుష్పం, ఎదురుగా పెట్టి చూస్తే రెండు పక్కలకూ మాత్రమే సౌష్ఠవం ఉంటుంది. బొప్పాయి పువ్వుకు అన్ని వైపులా సౌష్ఠవం ఉంటుంది. ఒకటి కాడలాంటి ఎండు ఫలం, ఇంకొకటి మృదుఫలం. డీఎన్ఏను పక్కన పెడితే ఈ రెండింటికీ చుట్టరికం ఉందని చెప్పే గుర్తు ఏదైనా ఉందా?

జన్యుసూత్రం:

ఉందండీ. ఆ గుర్తు కంటికి కాదు, నాలుకకు తెలుస్తుంది. పండిన బొప్పాయి గింజను కడిగి, కొరికి చూడండి. ఆవ ఘాటు తగులుతుంది. మునగ వేరు నలిపినా అదే రకం ఘాటు వస్తుంది. ముల్లంగి, క్యాబేజీ, వామింట ఆకు, ఇవన్నీ ఈ కోవలోనివే.

ఈ ఘాటుకు మూలం గ్లూకోసినోలేట్లు అనే గంధకపు సమ్మేళనాలు. మొక్కలో ఇవి ఒక చోట, వీటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరొక చోట ఉంటాయి. కణజాలం నలిగినప్పుడు రెండూ కలిసి, ఘాటైన ఐసోథయోసైనేట్లు పుడతాయి. బొప్పాయిలో ప్రధానంగా ఉండేది బెంజైల్ గ్లూకోసినోలేట్. రోల్ఫ్ డాల్‌గ్రెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1975లోనే, డీఎన్ఏ క్రమాలు చదవడం సాధ్యం కాని రోజుల్లో, ఈ సమ్మేళనాలున్న కుటుంబాలన్నిటినీ ఒకే క్రమంలో చేర్చాలని ప్రతిపాదించాడు. పువ్వుల నిర్మాణాన్ని బట్టి దూరంగా ఉన్నవాటిని ఒక రసాయనాన్ని చూసి కలపడమేమిటని అప్పట్లో చాలామంది అంగీకరించలేదు. 1990లలో జన్యు క్రమాలను పోల్చినప్పుడు ఆ కుటుంబాలన్నీ నిజంగానే ఒక్క శాఖగా తేలాయి. ఒకే ఒక్క మినహాయింపు డ్రైపెటీస్, పుత్రజీవి మొక్కల కుటుంబం. అది బ్రాసికేలీస్‌కు దూరంగా, స్వతంత్రంగా ఈ రసాయనాన్ని తయారు చేసుకోగలిగింది.

ఇక్కడ మరొక విషయం చెప్పకుండా ఉండలేను. బొప్పాయి ఆకుల్లో గ్లూకోసినోలేట్లతో పాటు సైనైడ్‌ను విడుదల చేసే గ్లైకోసైడ్లు కూడా స్వల్పంగా ఉన్నాయి. ఈ రెండూ ఒకే మొక్కలో కనిపించడం చాలా అరుదు. కృష్ణకమలం కుటుంబంలో సైనోజెనిక్ గ్లైకోసైడ్లు సాధారణం కాబట్టి, రసాయనాల ఆధారంగానే పాత స్థానాన్ని సమర్థించినవారు కూడా ఉన్నారు. అంటే రసాయనం ఒక్కటే తీర్పు చెప్పలేకపోయింది. డీఎన్ఏ ఆధారం రావలసిన అవసరం అందువల్లనే ఏర్పడింది.

పత్రహరితం:

ధన్యవాదాలండీ. డాల్‌గ్రెన్ సంగతి తరగతిలో తప్పక చెబుతాను. కారికేసీలో బొప్పాయి కాకుండా ఇంకా ఏమున్నాయి? మన దేశంలో సహజంగా పెరిగే బంధువులు ఏవైనా ఉన్నాయా?

హెర్బేరియం_మిత్రుడు:

మన దేశంలో సహజంగా పెరిగేవి లేవు. ఇది చిన్న కుటుంబం, 6 ప్రజాతులు, సుమారు 35 జాతులు. కారికాలో ఉన్నది బొప్పాయి ఒక్కటే. వాస్కోన్సెల్లియాలో 20కి పైగా జాతులున్నాయి, అవి ఎక్కువగా ఆండీస్ పర్వత ప్రాంతాలవి. జకరాటియాలో 7, మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లో పెరిగే జరిల్లాలో 3, మెక్సికోలోని హోరోవిట్జియాలో 1, ఆఫ్రికాలో పెరిగే సైలికోమోర్ఫాలో 2 జాతులున్నాయి. ‘కొండ బొప్పాయి’ మొదలైన ఆండీస్ జాతులను చాలాకాలం కారికా ప్రజాతిలోనే లెక్కించేవారు. 2000లో బడిల్లో అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాటిని వేరు చేసి వాస్కోన్సెల్లియాను పునరుద్ధరించాడు. కాబట్టి పాత పుస్తకాల్లో ‘కారికాలో 22 జాతులు’ వంటి వాక్యాలు కనిపిస్తే అవి ఆ విభజనకు ముందువని గ్రహించాలి.

పండు పోలికను బట్టి కొండ బొప్పాయే దగ్గరి బంధువని అందరూ అనుకునేవారు. 2012లో మొత్తం కుటుంబాన్ని జన్యుపరంగా పరిశీలించిన అధ్యయనంలో బొప్పాయికి అతి దగ్గరివి జరిల్లా, హోరోవిట్జియా అని తేలింది. జరిల్లాలు భూమిలోని దుంప నుంచి ఏటా మొలిచే చిన్న మొక్కలు. హోరోవిట్జియాకు ఒంటినిండా దురదగొండి వంటి నూగు ఉంటుంది. చూడటానికి ఏ రెండూ బొప్పాయిలా ఉండవు. ఈ కుటుంబం పూర్వీకులు సుమారు మూడున్నర కోట్ల సంవత్సరాల క్రితం ఆఫ్రికా నుంచి మధ్య అమెరికాకు చేరి ఉంటారని ఆ అధ్యయనపు అంచనా. మునగ ప్రజాతిలోని 13 జాతులూ ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా, భారతదేశాల్లోనే ఉన్నాయన్న సంగతి దీనికి పక్కన పెట్టుకొని చూస్తే రెండు కుటుంబాల చరిత్ర ఒకే భూభాగం నుంచి మొదలవుతున్నట్టు అర్థమవుతుంది.

బొప్పాయి జన్మస్థలం దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్, పోర్చుగల్ నావికుల ద్వారా 16వ శతాబ్దంలో ఆసియాకు వచ్చింది. మన ఊళ్లలో దిబ్బల మీద తనంతట తాను మొలిచి కాసినంత మాత్రాన ఇక్కడిది కాదు.

తోటపని:

చెట్టా, గుల్మమా అన్న రెండో ప్రశ్న మిగిలిపోయింది. మా పెద్దలు అరటిని, బొప్పాయిని ఒకే గాటన కట్టి ‘మానుకట్టని చెట్లు’ అనేవారు. అది శాస్త్రపరంగా ఎంతవరకు సరైనదో చెప్పండి.

జన్యుసూత్రం:

మానుకట్టదన్న మాట వరకు చాలా సరైనది, అరటితో కలపడం వరకు కాదు. అరటికి పైకి కనిపించేది కాండమే కాదు, ఆకుల అడుగు దొప్పలు ఒకదానిపై ఒకటి చుట్టుకొని ఏర్పడిన బోదె. అది ఏకదళబీజం. బొప్పాయిది అసలైన కాండం, చాలా ద్విదళబీజాల్లాగే దానిలో విభాజ్య కణజాలపు వలయం ఉంటుంది, ఏడాదికేడాది లావెక్కుతుంది. తేడా ఎక్కడంటే, మామిడి, వేప వంటి చెట్లలో లోపలి వైపు ఏర్పడే ద్వితీయ దారువు లిగ్నిన్‌తో గట్టిపడి కలప అవుతుంది. బొప్పాయిలో ఆ దారువు చాలా వరకు గోడలు గట్టిపడని మెత్తని కణాలతోనే ఉంటుంది, నీటిని మోసే నాళాల గోడలు మాత్రమే గట్టిపడతాయి. కాండాన్ని నిలబెట్టే బలం బయటి వైపు, బెరడులోని పోషక కణజాలంలో వలలా అల్లుకున్న నారల నుంచి వస్తుంది. లోపలి మెత్తని కణాలు నీటితో బిగిసి ఆ వలను లోపలి నుంచి తన్నిపట్టి ఉంచుతాయి. నరికిన బొప్పాయి మొద్దు కొన్నాళ్లకు కుళ్లి, నారల జల్లెడగా మిగలడాన్ని గ్రామాల్లో చూసే ఉంటారు.

అందువల్ల ‘చెట్టంత ఎత్తు పెరిగే గుల్మం’ అన్న వర్ణన సరిపోతుంది. వృక్షశాస్త్రంలో చెట్టు అన్నది బంధుత్వాన్ని చెప్పే పదం కాదు, పెరిగే తీరును చెప్పే పదం. కాబట్టి ఈ విషయంలో ఇద్దరు వేర్వేరుగా రాసినా పెద్ద దోషం లేదు. కాండం మధ్యలో దవ్వ ఉండవలసిన చోట బోలు ఉంటుంది, పత్రవృంతం కూడా బోలుగానే ఉంటుంది. నీరు రెండు రోజులు నిలిస్తే వేళ్లు ఊపిరాడక మొక్క ఒరిగిపోవడానికీ ఈ నిర్మాణానికీ సంబంధం ఉంది. లోపలి బిగువు తగ్గితే ఆసరాగా నిలిచే కలప దానిలో లేదు.

చెయ్యేరు_రైతు:

అయ్యా, అందరికీ నమస్కారం. మాది రాజంపేట దగ్గర. బొప్పాయి సాగు చేస్తున్నాను. తైవాన్ రెడ్ లేడీ రకం నారు ఖరీదైనది కాబట్టి గుంతకు ఒక్కటే నాటుతాము. నారు ఇచ్చినవారు మొక్కలన్నీ పొడవు కాయలే కాస్తాయని చెప్పారు. అయితే తోటలో మూడో వంతుకు దగ్గరగా గుండ్రటి కాయల మొక్కలు వచ్చాయి. వ్యాపారులు వాటికి ధర తగ్గిస్తారు. నారు కల్తీదా, లేక ఈ రకం స్వభావమే అంతా? ఎండాకాలం తర్వాత చెట్టు మధ్యలో జానెడు మేర కాయలే లేకుండా పోవడానికి కారణమేమిటో కూడా పెద్దలు చెప్పగలరు.

జన్యుసూత్రం:

నారు కల్తీ అనడానికి ఈ లెక్క ఒక్కటే ఆధారం కాదండీ. నిజానికి మూడో వంతు అన్నదే బొప్పాయి జన్యుశాస్త్రం చెప్పే లెక్క.

బొప్పాయిలో 18 క్రోమోజోములు, అంటే 9 జతలు ఉంటాయి. వాటిలో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది. మనుషుల్లో ఉన్నట్టే ఎక్స్, వై రకాలున్నాయి గాని, బొప్పాయిలో వై రెండు రూపాల్లో ఉంటుంది. రెండు ఎక్స్‌లు ఉంటే ఆడ మొక్క, అంటే మీ గుండ్రటి కాయల మొక్క. ఒక ఎక్స్, ఒక మామూలు వై ఉంటే మగ మొక్క. ఒక ఎక్స్‌తో పాటు వై యొక్క రెండో రూపం ఉంటే ద్విలింగ పుష్పాల మొక్క, అంటే మీ పొడవు కాయల మొక్క. ఏ రూపమైనా సరే, రెండు వైలు కలిస్తే ఆ పిండం గింజ దశలోనే చనిపోతుంది. హవాయిలో స్టోరీ, దక్షిణాఫ్రికాలో హోఫ్‌మేర్ 1938లో విడివిడిగా ఈ నియమాన్ని గుర్తించారు.

ఇప్పుడు ద్విలింగ మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టిందనుకోండి. నాలుగు భాగాల్లో ఒక భాగం ఆడ మొక్కలు, రెండు భాగాలు ద్విలింగ మొక్కలు, మిగిలిన ఒక భాగం బతకదు. బతికినవాటిలో రెండు వంతులు పొడవు కాయలవి, ఒక వంతు గుండ్రటి కాయలవి. ఆడ మొక్క పువ్వుకు ద్విలింగ మొక్క పుప్పొడి అందితే సగం సగం వస్తాయి. ద్విలింగ మొక్కలు మాత్రమే వచ్చే గింజను మామూలు సంకరణం ద్వారా తయారు చేయడం సాధ్యం కాదు. అటువంటి మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

దీని నుంచి నాట్లకు పనికొచ్చే లెక్క వస్తుంది. గుంతకు ఒక మొక్క అయితే ఆడది వచ్చే అవకాశం మూడింట ఒకటి. రెండు మొక్కలు నాటి, పూత రాగానే ఆడదాన్ని పీకేస్తే, రెండూ ఆడవయ్యే గుంతలు తొమ్మిదింట ఒకటి మాత్రమే. మూడు నాటితే ఇరవై ఏడింట ఒకటి. నారు ఖర్చును, గుండ్రటి కాయల వల్ల వచ్చే నష్టాన్ని పక్కపక్కన పెట్టి మీరే నిర్ణయించుకోవచ్చు. నారు దశలో ఆకును, వేరును, గింజ రంగును చూసి లింగం చెప్పడం కుదరదు. ప్రయోగశాలలో డీఎన్ఏ గుర్తులతో చెప్పగలరు.

ఇంకొక ఆసక్తికరమైన సంగతి ఉంది. అడవి బొప్పాయిలో మగ, ఆడ మొక్కలే సాధారణం. వై యొక్క రెండో రూపం మామూలు వై నుంచి విడిపోయి సుమారు 4,000 సంవత్సరాలే అయిందని 2015లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ద్విలింగ బొప్పాయి మధ్య అమెరికాలో మనిషి సాగులోకి తెచ్చిన కాలంలో వచ్చినది. మీ తోటలోని పొడవు కాయల వెనుక అక్కడి ప్రాచీన రైతుల ఎంపిక ఉంది. మొక్కను గమనించి, మంచిదాన్ని ఎంచి దాచుకున్న ఆ రైతులను తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఉద్యాన_సలహాదారు:

రైతు సోదరుని రెండో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. అలాగే పూలను గుర్తించే పద్ధతి కూడా రాస్తాను, ఎందుకంటే పూత దశలో ఆడ మొక్కను పీకాలంటే మొగ్గను చూసి చెప్పగలగాలి.

ఆడ మొగ్గ అడుగున ఉబ్బి, పైకి సన్నబడుతుంది. విప్పి చూస్తే ఐదు ఆకర్షణ పత్రాలు దాదాపు విడివిడిగా ఉంటాయి, కేసరాలు ఉండవు, పెద్ద అండాశయం పైన విసనకర్రల్లా చీలిన ఐదు కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు) ఉంటాయి. ద్విలింగ మొగ్గ వేలులా పొడవుగా ఉంటుంది. దానిలో ఆకర్షణ పత్రాలు కింది భాగంలో గొట్టంగా కలిసి, పొడవాటి అండాశయం చుట్టూ సాధారణంగా 10 కేసరాలు ఉంటాయి. 5 కేసరాలే ఉండి, ఐదు గాళ్లు (లోతు చారలు) ఉన్న గుండ్రటి కాయ కాసే ద్విలింగ పువ్వు కూడా ఉంది. అందువల్ల కాయ గుండ్రంగా ఉన్నంత మాత్రాన ఆడదని తేల్చకుండా పువ్వును విప్పి చూడాలి. మగ పూలు పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడతాయి కాబట్టి వాటిని దూరం నుంచే పోల్చవచ్చు.

ఇక కాయలు లేని ఖాళీ సంగతి. బొప్పాయిలో ప్రతి పూత ఒక ఆకు చంకలో వస్తుంది. కాయ ఎదిగే సమయానికి ఆ ఆకు రాలిపోతుంది కాబట్టి కాయ మానుకే కాసినట్టు కనిపిస్తుంది. పనసలా ముదురు మాను నుంచి పూత రావడం వేరు, ఇది వేరు. కింది నుంచి పైకి కాండంపై ఉన్న ఆకు మచ్చలన్నీ వరుసగా గడిచిన వారాల గుర్తులు. ద్విలింగ పువ్వు వాతావరణానికి చాలా లోబడుతుంది. ఎండలు మండినప్పుడు, నీటి ఎద్దడి తోడైనప్పుడు అండాశయం ఎదగక, పువ్వు మగదానిలా మారి రాలిపోతుంది. ఆ వారాల్లో విడిచిన పూలన్నీ అలా పోవడం వల్ల ఆ మేర కాండం ఖాళీగా ఉంటుంది. చలి ఎక్కువైనప్పుడు దీనికి విరుద్ధంగా కేసరాలు అండాశయానికి అతుక్కొని, అవి కూడా కాయలో భాగమై, గుంతలు, గాళ్లతో వికృతమైన కాయలు వస్తాయి. నత్రజని, తేమ మరీ ఎక్కువైనా ఈ వికృతి పెరుగుతుంది. రాయలసీమలో వేసవి ఖాళీలు, చలి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో వంకర కాయలు ఎక్కువగా చూస్తాము. ఆడ పువ్వు మాత్రం ఏ వాతావరణంలోనైనా ఆడ పువ్వుగానే ఉంటుంది. అందుకే మీ తోటలో గుండ్రటి కాయల మొక్కలకు ఆ ఖాళీ అంతగా ఉండకపోవచ్చు, ఒకసారి గమనించండి.

చెయ్యేరు_రైతు:

గమనించానండీ, మీరు చెప్పినట్టే ఉంది. ఆడ చెట్లకు కాయ వరుస తెగలేదు. మాలో కొందరు మగ చెట్టుకు ఇనుప మేకు కొడితే, లేదా తల నరికితే కాస్తుందని అంటారు. మా పాలేరు ఊళ్లో ఒక మగ చెట్టుకు అలా చేసిన తర్వాత నిజంగానే పొడవాటి కాడలకు కాయలు వేలాడాయి.

ఉద్యాన_సలహాదారు:

మగ మొక్కకు అప్పుడప్పుడు, ముఖ్యంగా వాతావరణం మారినప్పుడు, గుత్తి చివర ద్విలింగ పూలు వచ్చి కాయలు కట్టడం సహజమే. మేకు కొట్టని చెట్లకు కూడా అలా కాస్తాయి. కొట్టిన చెట్టుకు కాసినప్పుడు మేకును గుర్తుపెట్టుకుంటాము, కొట్టినా కాయని చెట్లను మరచిపోతాము. ఆ చెట్టు జన్యుపరంగా మగదే. మేకు గాయం నుంచి కుళ్లు మొదలయ్యే ప్రమాదం మాత్రం ఉంది.

పాతబస్తీ_వంటిల్లు:

మాది హైదరాబాదు. మా ఇంట్లో కచ్చీ బిర్యానీకి మాంసం నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి ముద్ద కలుపుతాము. పండు కలిపితే ఆ పని జరగదు. పచ్చి కాయ నుంచి కారే పాల వల్లే ఇది జరుగుతుందంటారు, మొక్కకు ఈ పాలు ఎందుకు? మాంసం మెత్తబరచడం మొక్కకు అవసరమైన పని కాదు కదా.

జన్యుసూత్రం:

చక్కని ప్రశ్న అండీ. బొప్పాయి కాండం, ఆకు, పచ్చి కాయ, అన్నింటిలో క్షీరనాళాలు వ్యాపించి ఉంటాయి. ఆ పాలలో పపేన్, కైమోపపేన్, కారికేన్ అనే మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఉన్నాయి. కాయ పండే కొద్దీ పాలు తగ్గిపోతాయి కాబట్టి పండుకు ఆ గుణం ఉండదు. ఆకును కొరికే పురుగు నోట్లోకి, కడుపులోకి ఈ ఎంజైములు వెళ్లి దాని శరీరాన్నే దెబ్బతీస్తాయి. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు ఎరి పట్టుపురుగులతో చేసిన ప్రయోగంలో, బొప్పాయి ఆకులు తిన్న పురుగులు చనిపోయాయి. ఆకులను సన్నగా కోసి పాలను కడిగేసి పెడితే అవే పురుగులు తిని చక్కగా ఎదిగాయి. పపేన్ పనిని ఆపే మందు ఆకుకు పూసినా అంతే. కాబట్టి ఆ పాలు మొక్కకు కాపలా. గింజల్లోని ఆవ ఘాటు కూడా అటువంటిదే. గింజలు చేరవలసిన చోటికి చేరే సమయానికి పండు గుజ్జులోని కాపలా తొలగిపోతుంది, గింజలోని కాపలా మాత్రం నిలిచి ఉంటుంది.

పత్రహరితం:

గుజ్జు రంగు సంగతి కూడా ఎవరైనా చెబుతారా? ఎర్ర గుజ్జు, పసుపు గుజ్జు రకాలను వేర్వేరు ఉపజాతులుగా ఒక విద్యార్థి రాశాడు.

జన్యుసూత్రం:

ఉపజాతులు కావండీ, ఒక్క జన్యువు తేడా. ఎర్ర గుజ్జులో లైకోపీన్ అనే ఎర్ర వర్ణకం పేరుకుంటుంది. పసుపు గుజ్జులో దానిని బీటా కెరోటిన్ వైపు మార్చే ఎంజైమ్ పనిచేస్తుంది. పసుపు బహిర్గతం, ఎరుపు అంతర్గతం, అంటే రెండు జన్యు రూపాలూ కలిస్తే పసుపే బయటపడుతుంది.

తోటపని:

వైరస్ గురించి ఒక మాట. రింగ్ స్పాట్ వైరస్ వల్ల మా ప్రాంతంలో తోటలు ఏడాది తిరగకుండానే పోతున్నాయి. పేనుబంక ద్వారా వస్తుందని, దగ్గరలో దోస, గుమ్మడి పాదులు పెట్టవద్దని అంటారు. ఈ వైరస్ బొప్పాయికీ గుమ్మడికీ రెండింటికీ వస్తుందంటే, హచిన్సన్ చెప్పిన గుమ్మడి చుట్టరికంలో నిజం ఉందని అనుకోవచ్చా?

హెర్బేరియం_మిత్రుడు:

అనుకోలేమండీ. ఈ వైరస్‌లో ఒక రకం గుమ్మడి కుటుంబానికి మాత్రమే సోకుతుంది, మరొక రకం బొప్పాయికి కూడా సోకుతుంది. రెండోది మొదటి దాని నుంచి మార్పు చెంది వచ్చినదని భావిస్తున్నారు. అతిథి మొక్కలు పక్కపక్క పొలాల్లో ఉండటం, ఒకే పేనుబంక రెండింటినీ పీల్చడం వైరస్‌కు సరిపోతుంది. చుట్టరికం అవసరం లేదు.

నిజమైన చుట్టరికం ఉపయోగపడేది వైరస్‌ను తట్టుకునే గుణం కోసం. వాస్కోన్సెల్లియాలోని కొన్ని జాతులు, ముఖ్యంగా కాలిఫ్లోరా, క్వెర్సిఫోలియా, ఈ వైరస్‌ను తట్టుకుంటాయి. వాటితో బొప్పాయిని సంకరపరచడానికి మన దేశంలోనూ ఇతర చోట్లా ఎంతో శ్రమించారు. పిండం మధ్యలోనే చనిపోవడం వల్ల దానిని ప్రయోగశాలలో బతికించవలసి వస్తుంది, వచ్చిన సంకరాలు కూడా తరచుగా గొడ్డుబోతాయి. ఇవి ఒకే ప్రజాతి అని పాత పుస్తకాలు చెప్పినప్పుడు ఈ కష్టం వింతగా కనిపించేది. ప్రజాతులు వేరని, దగ్గరి బంధువులు మరొక చోట ఉన్నారని తేలిన తర్వాత అది సహజమని అర్థమైంది. వర్గీకరణ పుస్తకాల్లో పేర్లు మార్చుకోవడమే తప్ప మరే ప్రయోజనమూ లేదనేవారికి ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. హవాయిలోని పునా ప్రాంతాన్ని 1992లో ఈ వైరస్ ముంచెత్తినప్పుడు, 1998లో అక్కడి రైతులకు అందిన తట్టుకునే రకాలు సంకరణంతో కాక జన్యుమార్పిడితోనే వచ్చాయి.

మొదటి_సంవత్సరం:

చివరిగా ఒక సందేహం. మా పెరట్లో ఒంటరి ఆడ మొక్క ఉంది. చుట్టుపక్కల ఎక్కడా మగ మొక్క కనిపించదు. అయినా కొన్ని కాయలు కాస్తాయి, వాటిలో ఒక దానిలో నిండా గింజలు, మరొక దానిలో ఒక్క గింజ కూడా లేదు. ఇది ఎలా జరుగుతుంది?

ఉద్యాన_సలహాదారు:

రెండు కాయలకూ రెండు కారణాలు. పరాగ సంపర్కం జరగకపోయినా కొన్ని ఆడ మొక్కలు కొద్దిగా గింజలు లేని కాయలు కడతాయి. అవి సాధారణంగా చిన్నవిగా ఉంటాయి. గింజలున్న కాయకు మాత్రం ఎక్కడి నుంచో పుప్పొడి వచ్చింది. సాయంసంధ్య వేళ గాలిలో నిలిచి తేనె పీల్చే పెద్ద సీతాకోకచిలుక వంటి మాత్‌లు బొప్పాయి పుప్పొడిని చాలా దూరం మోసుకువస్తాయి. మగ పూలలో, ద్విలింగ పూలలో తేనె ఉంటుంది. ఆడ పువ్వులో తేనె ఉండదు. మగ పూలను పోలిన తెల్లని రంగు చూసి మోసపోయి వచ్చిన మాత్ కీలాగ్రాలపై పుప్పొడి వదిలి వెళుతుంది. ఆడ మొక్కలు కొద్దిగా, మగ పూలు ఎక్కువగా ఉన్న చోటనే ఈ మోసం బాగా సాగుతుంది. వేర్వేరు మగ, ఆడ మొక్కలున్న రకాల తోటల్లో మగ మొక్కలన్నిటినీ తీసేయకుండా పదింట ఒకటి చొప్పున, అది కూడా తోట అంతటా పరచుకునేలా, నిలుపుకోమని మేము చెప్పేది అందుకే. మీ పెరటి మొక్కకు సంధ్యవేళ మొగ్గ విడిచిన రోజున, దగ్గరి తోట నుంచి తెచ్చిన మగ పువ్వును కీలాగ్రాలకు మెల్లగా రుద్ది, ఆ పువ్వు కాడకు దారం కట్టి గుర్తు పెట్టండి. ఆ కాయలో గింజలు ఎన్ని వచ్చాయో, దారం కట్టని కాయలో ఎన్ని ఉన్నాయో పోల్చి ఇక్కడ రాయండి.